కాల్పుల కబురు ఇంటికొస్తే: బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు

అద్దె ఇల్లు, స్కూల్ సీటు, గ్యాస్ కనెక్షన్ గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను చెప్పేది వేరే సంగతి. మనలో చాలా ఇళ్ల నుంచి ఒకరు అమెరికాలో ఉంటారు. అక్కడ కాల్పుల్లో మనవాళ్లకు ఏమైనా అయితే, ఊళ్లో అయితే వీధంతా వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ పక్క ఫ్లాట్ వాళ్లకు మన పేరు కూడా తెలియదు.

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి రెండు నెలలైనా కాని కుటుంబానికి అలాంటి ఫోనే వచ్చింది. పెద్దబ్బాయికి బుల్లెట్ తగిలింది, ప్రాణం దక్కింది. పెద్దవాళ్లంతా ఫోన్లలో ఉన్నారు. తొమ్మిదో తరగతి తమ్ముడు స్కూల్ బ్యాగు కూడా దించకుండా చీకటి పడేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. కింది ఇంటి నెల్లూరు ఆంటీ ఏమీ అడగలేదు. పెరుగన్నం గిన్నె వాడి చేతిలో పెట్టి, పక్కనే కూర్చుంది. ఆ రాత్రే మేం వంతులు వేసుకున్నాం. వంట ఒకరు, స్కూల్‌కు దింపడం ఒకరు, వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం ఒకరు.

అందుకే సామాన్లు సర్దుకోగానే ఇంట్లో ఉన్న ఆవకాయ కాస్త పట్టుకెళ్లి రెండు తలుపులు తట్టండి. నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి.

అమెరికాలో జరిగితే ముందు ఆ ప్రాంతపు భారత కాన్సులేట్‌కు, అక్కడి తెలుగు సంఘానికి చెప్పండి. ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార నిధి ఉంది. వైద్యం, అంత్యక్రియల ఖర్చులకు దానికి అప్లై చేయవచ్చు. గడువు ఉంటుంది కాబట్టి బిల్లులు, పోలీసు రిపోర్టు నంబరు జాగ్రత్త చేయండి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1994లో ఒక మంచి పద్ధతి మొదలైంది. గాయపడిన కుర్రాడి మంచం దగ్గరికే, కాల్పులు జరిగే పేటల్లోనే పెరిగిన మనిషి వచ్చి తోడుంటాడు. ఇప్పుడు చాలా నగరాల ఆసుపత్రుల్లో అలాంటివాళ్లున్నారు, తప్పకుండా అడగండి.

ఇక్కడ మిగిలిన పిల్లల సంగతి చాలామంది మర్చిపోతారు. వాళ్ల ముందు ఆ వీడియోలు చూడకండి. "అమ్మానాన్నలకు నువ్వే ధైర్యం చెప్పాలి" అనే మాట దయచేసి అనకండి, వాడూ పిల్లాడే. నిద్ర పట్టకపోయినా, టపాకాయ చప్పుడుకే వణికిపోతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌లో పిల్లల మనోవైద్య విభాగం ఉంది.

నెల తిరిగేసరికి పలకరింపులు ఆగిపోతాయి. ఆసుపత్రి బిల్లులు, కేసు గొడవలు అప్పటికి ఇంకా తెమలవు. మీ పక్కింట్లో ఇలా జరిగి ఉంటే, రెండో నెలలో మళ్లీ వెళ్లండి.