సౌకర్యం లేని చోట క్యారవాన్ మురుగు ఖాళీ చేయడం ఎలా?

పోయిన డిసెంబర్‌లో ములుగు వైపు ఒక చెరువు దగ్గర బండి ఆపుకుని పొద్దున్నే చాయ్ కాచుకుంటున్నాం. రాత్రెప్పుడో వచ్చి మా పక్కన ఆగిన క్యారవాన్ కింద నుంచి బుడబుడమని చప్పుడు. వంగి చూస్తే వాల్వ్ బార్లా తెరిచి ఉంది. సబ్బు నురగ, అన్నం మెతుకులు, వాటి వెనకాలే ఇక్కడ రాయలేనివి కూడా తూము కాలువలోకి జారుతున్నాయి. అడిగితే, "పారే నీళ్లే కదన్నా, కొట్టుకుపోతయ్" అన్నాడు. ఎక్కడికి కొట్టుకుపోతాయి? మన దగ్గర కాకతీయుల కాలం నుంచి చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. ఇక్కడ వదిలింది రెండు ఊళ్ల అవతల బర్రెలు తాగుతాయి, ఆ నీళ్లలోనే వల వేస్తారు.

మేము హనుమకొండలో పాత ట్రావెలర్ వ్యాన్ కొని, పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా మార్పించుకుని ఆరేళ్లయింది. రామప్ప, లక్నవరం, పాకాల, బొగత, కాళేశ్వరం ఒకటికి పదిసార్లు తిరిగాం. కరెంటు ప్లగ్ ఇచ్చే చోట్లు దొరికాయి, నీళ్లు పట్టుకోనిచ్చే చోట్లు దొరికాయి. మురుగు ఎక్కడ దించాలని అడిగితే మాత్రం అందరూ చెట్ల వైపే చెయ్యి చూపించారు. కాబట్టి ఈ పని మనమే నేర్చుకోవాలి.

ముందు ఒక సంగతి. బండిలో రెండు రకాల మురుగు ఉంటుంది. సింకు, స్నానం నీళ్లు ఒకటి. టాయిలెట్‌ది ఇంకొకటి. ఈ రెంటినీ ఒకే ట్యాంకులో కలిపే బండి కొనకండి, కట్టించుకోకండి. టాయిలెట్‌కు విడిగా బయటికి లాగే క్యాసెట్ డబ్బా ఉండాలి, అంతే. బండి కింద పెద్ద ట్యాంకు బిగించుకున్నవాళ్లు ప్రతిసారీ సెప్టిక్ ట్యాంక్ లారీని పిలవాల్సిందే. ఏటూరునాగారం దాటాక లారీ కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే ఇక టూర్ ఏముంది?

కావాల్సినవి

మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, 20 లీటర్ల క్యాన్లు రెండు (మంచినీళ్ల క్యాన్లతో కలిసిపోకుండా ఎర్ర టేపు చుట్టండి), ఒక బకెట్, మగ్గు, సింకుకు జాలీ, పాత నూలు గుడ్డ, చిన్న గడ్డపార, సబ్బు. గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి. ఒకటి ఎప్పుడూ చిరిగే ఉంటుంది.

సింకు నీళ్లు

ఇది తేలిక. అసలు నీళ్లు తక్కువ పుట్టేలా చూసుకుంటే ఇంకా తేలిక. మేము మోదుగాకు విస్తళ్లలో తింటాం. ములుగు వైపు సంతల్లో కట్టలుగా దొరుకుతాయి. గిన్నెలు కడిగే ముందు జిడ్డంతా పాత పేపరుతో తుడిచేయాలి. నూనె, మెతుకులు ట్యాంకులో పడితే ఎండాకాలంలో ఒక్కరోజుకే కుళ్లి, టాయిలెట్ డబ్బాను మించిన కంపు కొడుతుంది. అందుకే సింకు ట్యాంకు రోజూ ఖాళీ చేయాలి. నిండేదాకా చూద్దాంలే అనుకోవద్దు.

వాల్వ్ కింద క్యాన్ పెట్టి పట్టండి. ఆ నీళ్లను నూలు గుడ్డలో వడకట్టి, చెరువుకు గానీ వాగుకు గానీ బావికి గానీ కనీసం 60 మీటర్లు ఎడంగా తీసుకెళ్లండి. చెల్క నేల అయితే అడుగు లోతు గుంట తవ్వి పోస్తే చూస్తుండగానే ఇంకిపోతుంది. నల్లరేగడి అయితే ఇంకదు, అక్కడే నిలిచి దోమలకు పనికొస్తుంది. రేగడి ఊళ్లో దిగినప్పుడు ఎవరింట్లోనైనా ఇంకుడు గుంత ఉందేమో అడగండి. ఇప్పుడు చాలా ఇళ్లకు ఉన్నాయి. గుడ్డలో మిగిలిన మెతుకులు అక్కడే దులపకుండా చెత్త సంచిలో వేయండి. ఏటూరునాగారం అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయి, అన్నం వాసన వాటికి తెలుస్తుంది.

సబ్బు గురించి ఒక మాట. "మేము కుంకుడుకాయే వాడతాం, సహజమైనది కదా, చెరువులో పోస్తే ఏమవుతుంది" అనేవాళ్లు కనీసం అరడజను మంది తగిలారు. కుంకుడు నురగ చేపలకు విషం. కొన్ని చోట్ల నీళ్లలో కుంకుడుకాయలు దంచి వేసి చేపలు పట్టే పద్ధతే ఉంది. సహజమైనదైనా సరే, నేలలోకే పోవాలి.

టాయిలెట్ డబ్బా

బండ్లవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

దీన్ని గుంట తవ్వి పూడ్చవద్దు. అడవిలో ఒక మనిషి ఒకసారి కూర్చుని మట్టి కప్పేయడం వేరు, 20 లీటర్లు ఒకేచోట కుమ్మరించడం వేరు. మోరీలో కూడా పోయవద్దు. ఊరి మోరీ చివరికి ఏ కుంటలోనో కలుస్తుంది. ఇది పోవాల్సింది మరుగుదొడ్డిలోకి, అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకులోకో లెట్రిన్ గుంతలోకో. వేరే దారి లేదు.

అంటే ఎవరినో ఒకరిని అడగాలి. పెట్రోల్ బంకు, దాబా, రోడ్డు పక్కన ఇల్లు, ఏదైనా సరే. "బాత్‌రూం వాడుకుంటాం" అని చెప్పి చాటుగా డబ్బా పట్టుకుపోవడం మోసం. ఉన్నదున్నట్టు చెప్పండి. వెంకటాపురం దారిలో ఒక ఇంటి ముందు నేను అడిగింది ఇలా: "అక్కా, మా బండిల టాయిలెట్ డబ్బా ఉన్నది, ఇరవై లీటర్లు. మందు ఏం కలపలె. మీ లెట్రిన్‌ల పోసి, కడిగి పోత." ఆమె ఒక్క నిమిషం డబ్బా వంక చూసి, "గింతేనా? ఇంకేందో అనుకున్న, పోయిండ్రి" అంది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. వాళ్ల పెరట్లో కాసిన సొరకాయలు రెండు కొనుక్కొచ్చాం. పది మందిని అడిగితే ఇద్దరు కాదంటారు, అప్పుడు ఇంకో ఇంటికి వెళ్లాలి. కోపం తెచ్చుకోవడానికి ఏముంది, అది వాళ్ల దొడ్డి.

"మందు కలపలేదు" అన్నది ఊరికే అన్న మాట కాదు. క్యాసెట్‌లో పోసే నీలం రంగు మందుల్లో కొన్నింట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది సూక్ష్మక్రిములను చంపి కంపు ఆపుతుంది. సెప్టిక్ ట్యాంకు పనిచేసేదే ఆ క్రిములతో. పల్లెల్లో కట్టిన రెండు గుంతల మరుగుదొడ్లూ అంతే, ఒక గుంత నిండితే మూసేసి ఇంకోటి వాడతారు, మూసినది ఎరువవుతుంది. అందులో మందు పోస్తే వాళ్ల ఎరువు మనం చెడగొట్టినట్టు. నేను రెండు లీటర్ల మామూలు నీళ్లు, కొంచెం ఎంజైమ్ పొడి తప్ప ఏమీ వేయను. ఫినాయిల్ పోస్తామని గొప్పగా చెప్పేవాళ్లు డబ్బా నోటికి ఉండే రబ్బరు సీలు ఎన్నాళ్లు ఉంటుందో చూసుకోవాలి. బ్లీచింగ్ పౌడర్ అయితే అసలు దగ్గరికి రానివ్వకండి. మూత్రంతో గానీ టాయిలెట్ యాసిడ్‌తో గానీ కలిస్తే విషవాయువు వస్తుంది.

సెప్టిక్ ట్యాంకు మూత ఎత్తి నేరుగా పోద్దామనే ఆలోచన కూడా వద్దు. లోపలి గ్యాసుకు మనుషులు నిమిషాల్లో పడిపోతారు. లెట్రిన్ పళ్లెం ఉండగా మూతతో పనేంటి?

ఇక పోయడం. దీనికి పొద్దున ఆరింటి లోపే లేవండి. మే నెలలో బండి ఎండలో నిలబడితే డబ్బాలో గ్యాసు చేరి ఒత్తిడి పెరుగుతుంది. అదే వేడి మీద మూత తిప్పితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేదు. డబ్బా బయటికి తీశాక నీడలో ఐదు నిమిషాలు ఉంచి, ముఖం పక్కకు పెట్టుకుని డబ్బా మీదుండే గాలి బటన్ ఒకసారి నొక్కి వదలండి. బుస్సుమంటే ఒత్తిడి దిగినట్టు.

మోసేటప్పుడు డబ్బా నిలువుగానే ఉండాలి. 20 లీటర్లంటే 20 కిలోలు, డబ్బా బరువు అదనం. అందుకే డబ్బా నిండిందని చెప్పే ఎర్ర లైటు వెలిగేదాకా ఆగకుండా ముప్పావు వంతుకే ఖాళీ చేయాలి. ఆ డబ్బా మోయడానికి బంకులో కుర్రాడికో దాబాలో పనిమనిషికో యాభై రూపాయలు ఇచ్చి అప్పగించకండి. ఒక చోట మా ఎదురుగానే అలా చేశారు, నాకు ఆ పూట అన్నం సయించలేదు. మనుషుల చేత మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, ఎవరి డబ్బా వాళ్లే మోసుకోవాలి.

ఇండియన్ లెట్రిన్ పళ్లెమే దీనికి శ్రేష్ఠం. వెస్టర్న్ కమోడ్‌లో నీళ్లు నిలిచి ఉంటాయి, ఎత్తు నుంచి పోస్తే తిరిగి మీ మీదికే చిందుతుంది. కమోడ్ తప్ప వేరే లేకపోతే ముందు అందులో కొంచెం పాత పేపరు పరిచి పోయండి, చిందడం తగ్గుతుంది. ఆ తర్వాత ఆ పేపరు ఫ్లష్ చేయకండి, తీసి చెత్త సంచిలో వేయండి. గ్లౌజులు ఉన్నది అందుకే.

పళ్లెం దగ్గరికి వచ్చాకే డబ్బాకున్న పారబోసే గొట్టం బయటికి తిప్పండి. మూత తీసి బకెట్‌లో పెట్టండి, జేబులో కాదు. నా మూత ఒకటి జేబులో నుంచి జారి ఎక్కడ పడిందో చెప్పక్కర్లేదు. తర్వాత డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, గొట్టం మూతి పళ్లేనికి జానెడు ఎత్తులోకి వచ్చేలా నెమ్మదిగా వంచండి.

గొట్టం కిందికి తిరిగాకే బొటనవేలితో గాలి బటన్ నొక్కాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నొక్కకుండా పోస్తే డబ్బా లోపలికి గాలి గుడగుడమని లాక్కుంటుంది, ప్రతి గుటకకూ ఒక జల్లు మీ కాళ్ల మీద. వంచేటప్పుడు గొట్టం ఇంకా పైకి ఉండగానే నొక్కితే ఆ బటన్ సందులో నుంచే చిమ్ముతుంది. వంచడం, ఆ తర్వాత నొక్కడం, పోసినంతసేపూ పట్టి ఉంచడం. ఇంట్లో మంచినీళ్లు నింపి పది సార్లు ప్రాక్టీస్ చేయండి. నవ్వేవాళ్లు నవ్వనీ. మా తమ్ముడు నవ్వాడు, తర్వాత కాళేశ్వరంలో వాడే చొక్కా మార్చుకున్నాడు.

ఒక్కసారే కుమ్మరించకండి. లెట్రిన్ వంపులో పట్టేది తక్కువ, నిండి పైకి వచ్చేస్తుంది. నాలుగైదు లీటర్లు పోయడం, అర బకెట్ నీళ్లు కొట్టడం, పూర్తిగా దిగిందాకా ఆగడం. మళ్లీ పోయడం. మొత్తం పది నిమిషాలు పడుతుంది. ఆ ఇంటివాళ్ల గుంతలోకి నీళ్లు నెమ్మదిగా దిగుతుంటే, వానాకాలమైతే గుంత అప్పటికే నిండి ఉందేమో అని అర్థం చేసుకుని సగంలోనే ఆపేయండి. మిగతాది ఇంకోచోట. వాళ్లింట్లో పొంగించి వెళ్లిపోతే తర్వాత వచ్చే క్యారవాన్‌కు ఆ ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

ఖాళీ అయ్యాక మూడు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, బాగా ఊపి మళ్లీ పారబోయండి. రెండుసార్లు. తర్వాత పళ్లెం, దాని చుట్టూ నేల, తలుపు గొళ్లెం సబ్బుతో కడగండి. గొళ్లెం అందరూ మర్చిపోతారు, గ్లౌజులతో పట్టుకున్నది దాన్నే. సీలుకు సిలికాన్ స్ప్రే తప్ప వాజెలిన్ లాంటివి రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఎవరూ దొరకని రోజు ఏం చేయాలి? దానికే రెండో క్యాసెట్ కొనిపెట్టుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ అది ఉంటే టెన్షన్ లేదు. నిండినది మూసి డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెచ్చి మన లెట్రిన్‌లోనే పోసుకోవచ్చు. వరంగల్ కార్పొరేషన్ మలవ్యర్థాల కోసం 2016లోనే నిబంధనలు తెచ్చింది, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం కూడా ఉంది. మన ఇంటి ట్యాంకు లోడు లారీతో తీయించుకునేటప్పుడు అక్కడికి పోయే బండినే పిలుచుకోవాలి.

మేడారం జాతరకు మాత్రం బండి తీసుకెళ్లవద్దనే నా మాట. ఆ జనంలో డబ్బా పట్టుకుని నడవలేరు. వెళ్లి తీరతామంటే రెండు క్యాసెట్లూ ఖాళీగా తీసుకెళ్లండి, అక్కడ పెట్టిన తాత్కాలిక మరుగుదొడ్లు వాడుకోండి, సింకు నీళ్లు క్యాన్లలోనే వెనక్కి తెచ్చుకోండి. జంపన్నవాగులో జనం తలంటుకుని స్నానం చేస్తారు. దాని ఒడ్డున వాల్వ్ తిప్పితే నేనే కాదు, పక్కనున్న ముసలమ్మ కూడా ఊరుకోదు.

చివరగా డబ్బాలో రెండు లీటర్ల నీళ్లు పోసి లోపల పెట్టండి, డబ్బా నోరు మూసే సీలు పలక జరిగి మూసుకుందో లేదో వేలితో తోసి చూడండి. గ్లౌజులు తీశాక చేతులు సబ్బుతో కడుక్కుని, మంచినీళ్ల పైపు ముట్టుకునే ముందు ఇంకోసారి కడుక్కోండి. బండి స్టార్ట్ చేసే ముందు దిగి, కింద సింకు వాల్వ్ మూసి ఉందో లేదో ఒకసారి వంగి చూడండి.