ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మళ్లీ బడికి పంపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కరోనాతో మూసిన బడుల్ని 2021లో ఏపీలో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబర్ 1న మళ్లీ తెరిచారు. 2020 మార్చి నుంచి ఇంటికే అలవాటుపడిన పిల్లాడికి, అందులోనూ ఆటిజమో వినికిడి లోపమో ఉన్నవాడికి, రాత్రి పడుకునే ముందు "రేపట్నుంచి స్కూలు" అని చెప్పి పొద్దున్నే ఆటో ఎక్కిస్తే ఆ రోజు ఎలా గడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, అప్పట్లో పంపి తీరాలని ఏమీ లేదు. తెలంగాణలో పిల్లల్ని బడికి రమ్మని బలవంతం చేయొద్దని 2021 ఆగస్టు 31న హైకోర్టే చెప్పింది. గుండె సమస్య, ఫిట్స్, ఆయాసం లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగాకే తేల్చుకోండి.

పంపాలనుకుంటే రెండు వారాల ముందే మొదలుపెట్టండి. మొదట నిద్ర లేచే టైం సరిచేయండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. తర్వాత యూనిఫాం వేసి, బ్యాగు తగిలించి, బడి వదిలాక ఎవరూ లేనప్పుడు గేటు దాకా తీసుకెళ్లి తెచ్చేయండి. టీచర్ ఫొటోలు రెండు అడగండి, మాస్కుతో ఒకటి, మాస్కు లేకుండా ఒకటి. ముఖం సగం కనిపించకపోతే మనిషిని గుర్తుపట్టలేని పిల్లలు చాలామంది.

అసలు టెన్షన్ మాస్కుతోనే. అయిదేళ్లలోపు వాళ్లకు మాస్కు అక్కర్లేదని, 6 నుంచి 11 ఏళ్ల వాళ్లు పెట్టుకోగలిగితే పెద్దల కనుసన్నల్లో పెట్టుకోవచ్చని 2021లో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు ఏ వయసులోనూ తప్పనిసరి చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంది. కాబట్టి మాస్కు లేదని వెనక్కి పంపితే ఊరుకోకండి. పెట్టించాలనుకుంటే మాత్రం ముందు చేతికిచ్చి ఆడుకోనివ్వండి, బొమ్మకు కట్టించండి, తర్వాత ఇష్టమైన పాట ఒక్క చరణం అయ్యేదాకా, మర్నాడు పాటంతా. మెత్తటి పాత నూలు గుడ్డతో కుట్టింది కొత్తదానికంటే తొందరగా ఒప్పుకుంటారు. చొంగ కారి మాస్కు తడిసిపోయే పిల్లలకు, తమంతట తాము తీసుకోలేని పిల్లలకు అసలు వద్దు. వాళ్ల దగ్గరకు వచ్చే పెద్దవాళ్లే మాస్కు పెట్టుకోవాలి, టీకా వేయించుకోవాలి. ఈ విషయం ఆయాకూ, ఆటో అతనికీ కూడా మీరే చెప్పాలి.

వినికిడి మిషన్ ఉంటే చెవులకు తగిలించే మాస్కు వద్దు, తీసేటప్పుడు మిషన్ కూడా ఊడొస్తుంది. తల వెనక కట్టుకునేది కుట్టించండి. పెదాలు చూసి అర్థం చేసుకునే పిల్లలకు టీచర్ మూతి కనిపించాలి, పారదర్శకమైన మాస్కు పెట్టుకోమనండి, దొరక్కపోతే బోర్డు మీద ఎక్కువ రాయమనండి. చూపు లేని పిల్లల్ని "ఏదీ ముట్టుకోకు" అనడం అన్యాయం, వాళ్లు చదివేదే వేళ్లతో. చేతులు ఎక్కువసార్లు కడిగిస్తే చాలు. శానిటైజర్ వాసన పడనివాళ్లకు సబ్బు ఇచ్చి పంపండి.

బడికి ఒక కాగితం రాసివ్వండి. ఏ శబ్దానికి బెదురుతాడు, బాత్రూమ్ వస్తే ఎలా చెప్తాడు, ఏం చేస్తే నెమ్మదిస్తాడు, ఏ మందు ఏ టైంకి, అంతే. ఫిట్స్ ఉన్న పిల్లలకు జ్వరమొస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఒళ్లు వెచ్చగా అనిపించగానే ఫోన్ చేయాలని అందులో పెద్దక్షరాలతో రాయండి.

మొదటి వారం గంటో రెండు గంటలో చాలు. రోజంతా ఉంచాల్సిందేనని పట్టుబట్టే హెడ్‌మాస్టర్‌తో మర్యాదగానే వాదించండి, వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం పిల్లాడికి తగిన వెసులుబాటు ఇవ్వడం బడి బాధ్యత.

ఇప్పుడప్పుడే వద్దనుకుంటే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్పీ టీచర్‌ని, అంటే ఈ పిల్లలకు చదువు చెప్పే టీచర్‌ని కలవండి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు విద్యా హక్కు చట్టంలోనే ఉంది, 2012 సవరణతో వచ్చింది. వెళ్లేటప్పుడు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లండి, మళ్లీ తిరగక్కర్లేదు.