చర్చిలో వాలంటీర్ సెక్యూరిటీ టీమ్ పెడుతున్నారా? ముందు ఈ చట్టం సంగతులు చూసుకోండి

డిసెంబర్ వచ్చిందంటే మా దేవరకొండ, మిర్యాలగూడ వైపు చర్చిల్లో గేటు దగ్గర నిలబడతామని యూత్ తమ్ముళ్లు పేర్లు ఇస్తుంటారు. మంచి పనే. కానీ ఒకే రంగు టీషర్టు, మెడలో విజిల్ వేసుకున్నంత మాత్రాన కొత్త అధికారమేదీ రాదు, మామూలు మనిషికి ఎంత హక్కుందో వాలంటీర్‌కీ అంతే. మొదటి మీటింగ్‌లోనే ఇది చెప్పేయండి.

ముందు కాగితం పని. టీమ్‌లో ఎవరున్నారు, బాధ్యుడెవరు, ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అనేది సంఘ కమిటీలో తీర్మానం రాయించి, పండుగకు ముందే ఆ లిస్టు స్టేషన్‌లో ఇచ్చి ఎస్సై గారితో మాట్లాడి రండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని పెట్టొద్దు. డబ్బులిచ్చి గార్డులను తెచ్చుకుంటే మాత్రం, 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఆ ఏజెన్సీకి లైసెన్స్ ఉందో లేదో అడగండి.

అసలు చిక్కంతా మనిషిని పట్టుకునే దగ్గరే. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 40వ సెక్షన్ ప్రకారం, బెయిల్ హక్కుగా రాని, పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరం మన కళ్లముందు జరిగితేనో, కోర్టు పరారీ నేరస్తుడిగా ప్రకటించినవాడైతేనో మాత్రమే పట్టుకోవచ్చు, పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. గేటు ముందు బైక్ ఎత్తుకుపోతుంటే చూశారు, సరే. ఎవరో తాగొచ్చి ఆరాధన మధ్యలో అరుస్తున్నాడనుకోండి, అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 300వ సెక్షన్ కింద నేరమే, కానీ బెయిల్ హక్కుగా వచ్చేది, కాబట్టి పట్టుకోవాల్సింది పోలీసులే, మనం కాదు. నెమ్మదిగా బయటికి వెళ్లమని చెప్పి 100కో 112కో ఫోన్ చేయండి. కోపంలో స్తంభానికి కట్టేస్తే, అది అక్రమ నిర్బంధం, మన తమ్ముడి మీదే కేసు అవుతుంది, ఏడాది దాకా జైలు పడొచ్చు. మీద పడితే కాపాడుకునే హక్కు ఉంది, అవసరమైనంత వరకే. దొరికినవాణ్ణి, పారిపోతున్నవాణ్ణి కొట్టడం ఆత్మరక్షణ కాదు.

బ్యాగులు చూడాలంటే అడిగి, ఒప్పుకుంటేనే చూడండి, ఆడవాళ్లవి అక్కలే చూడాలి. ఒప్పుకోకపోతే లాక్కోవద్దు, లోపలికి రావద్దని చెప్పండి చాలు. ఖాకీ బట్టలు వద్దు, లాఠీ వద్దు, ఇంట్లో లైసెన్స్ తుపాకీ ఉన్నా అది ఇంట్లోనే ఉండాలి.

జనం ఎక్కువగా చేరే చోట్ల సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతుంది. ఆ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు, పోలీసులు అడిగితే ఇవ్వండి.

సండే స్కూల్ పిల్లల విషయంలో నాకు నిజంగా టెన్షన్. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, సంఘ పెద్దలు కూర్చుని సర్దేసే విషయం కాదది, దాచినవాళ్లకూ శిక్ష ఉంది. పరువు పోతుందని ఎవరైనా ఆపినా సరే, ఆగకండి.

గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టండి. ఏం జరిగినా తేదీ, టైము, చూసినవాళ్ల పేర్లు, పోలీసులకు ఎప్పుడు ఫోన్ చేశారో అదే రోజు రాసి సంతకం చేయించండి.