డెస్క్‌టాప్ సీఎన్‌సీ మరమ్మతులు, 5వ పాఠం: కొలత తప్పితే $100 సెట్టింగ్ జోలికి వెళ్లకండి

గత పాఠంలో మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో లెక్కకట్టాం. ఆ తర్వాత చాలామంది $100 విలువను (ఎక్స్ ఆక్సిస్‌లో మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెప్పే GRBL సెట్టింగ్; GRBL అంటే మెషీన్‌ను నడిపే ప్రోగ్రామ్) 803.2 లాంటి అంకెల దాకా లాక్కెళ్లారు. అయినా గుండ్రని రంధ్రం గుండ్రంగా రావడం లేదంటున్నారు. అందుకే స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) పాఠం వెనక్కి జరిపి, ముందు ఈ చిక్కు తీరుద్దాం.

మెషీన్‌కు ఆదేశాలిచ్చే విండోలో $$ కొట్టి ఇప్పటి సెట్టింగులు చూసి, $100, $101, $102 (వరుసగా ఎక్స్, వై, జెడ్ ఆక్సిస్‌లవి) మూడింటినీ లెక్క ప్రకారం రావాల్సిన అంకెకే మార్చండి. 3018 తరహా చిన్న డెస్క్‌టాప్ మెషీన్లలో సాధారణంగా మోటారుకు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కో స్టెప్పును 16 భాగాలు చేస్తుంది, స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 4 మి.మీ. జరుగుతుంది. 200 × 16 ÷ 4 = 800. చుట్టుకు 2 మి.మీ. జరిగే స్క్రూ అయితే 1600, 8 అయితే 400. అనుమానముంటే కరెంటు తీసేసి స్క్రూను చేత్తో 10 చుట్లు తిప్పి కొలవండి.

మరి 803.2 ఎక్కణ్నుంచి వచ్చింది? 50 మి.మీ. జరగమంటే 49.8 జరిగింది. 800ను 50తో గుణించి 49.8తో భాగిస్తే 803.2. లెక్కలో తప్పు లేదు, లోపాన్ని గుర్తించడంలోనే తప్పు. ఆ 0.2 నట్టులోని లూజు అయితే అది దూరాన్ని బట్టి పెరగదు. దిశ మారిన ప్రతిసారీ అంతే పోతుంది. 803.2 పెట్టాక 50 సరిగ్గా వస్తుంది, 10 అడిగితే 9.84 వస్తుంది, 150 అడిగితే 150.4 వస్తుంది. ఒక్క కొలత కుదిరిందని సంతోషించి మిగతావన్నీ చెడగొట్టుకున్నట్టే. తేడా 10లోనూ 100లోనూ ఒకటే ఉంటే లూజు. 10లో ఉన్నదానికి 100లో పది రెట్లు ఉంటేనే స్టెప్పుల లెక్క తప్పు. ఒక్క దూరం కొలిచి $100 మార్చకండి, ఎప్పుడూ.

లూజు కొలవడానికి డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) వాడండి, వెర్నియర్ వద్దు. ఒకే దిశలో 1 మి.మీ. చొప్పున మూడుసార్లు జరిపి ముల్లును సున్నా చేయండి. ఇప్పుడు వెనక్కి 0.05 చొప్పున జరపండి. ముల్లు కదలడానికి ముందు ఎన్నిసార్లు వృథా అయిందో లెక్కపెట్టి 0.05తో గుణిస్తే అదే లూజు. గుండ్రటి రంధ్రంలో నాలుగు దిక్కులా చిన్న మెట్లు కనిపించేది దీనివల్లే, ఎందుకంటే అక్కడే ఏదో ఒక ఆక్సిస్ దిశ మారుతుంది.

ఎక్కడుందో తెలియాలంటే మోటార్లు పట్టి ఉండేలా $1ని 255 చేసి, క్యారేజ్‌ను (ఆక్సిస్ మీద జరిగే భాగాన్ని) చేత్తో ముందుకూ వెనక్కూ నెట్టండి. వేలిని స్క్రూ చివర ఆనించి ఉంచండి. క్యారేజ్‌తోపాటు స్క్రూ కూడా జరిగితే కప్లర్ (మోటారు షాఫ్ట్‌ను స్క్రూకు కలిపే ముక్క) లేదా బేరింగ్ దగ్గర లోపం. స్క్రూ కదలకుండా క్యారేజ్ ఒక్కటే జరిగితే ఇత్తడి నట్టు అరిగింది, లేదా దాని స్ప్రింగు బలం తగ్గింది.

లూజు లేకుండానే సున్నా (మొదలుపెట్టిన స్థానం) తప్పిపోతోందా? మోటారు షాఫ్ట్, కప్లర్, స్క్రూ మూడింటి మీదుగా మార్కర్‌తో ఒకే గీత గీయండి. 100 మి.మీ. దూరం వేగంగా 20 సార్లు అటూ ఇటూ నడిపి, మొదట వచ్చిన దిశ నుంచే సున్నాకు రండి. గీత విడిపోతే గ్రబ్ స్క్రూ (కప్లర్‌ను బిగించే చిన్న స్క్రూ) జారుతోంది. గీత అలాగే ఉండి గేజ్ తప్పితే మోటారు స్టెప్పులు పోగొట్టుకుంటోంది. అప్పుడు ఆ ఆక్సిస్ యాక్సిలరేషన్‌ను ($120, $121, $122) సగానికి తగ్గించి మళ్లీ చూడండి. సరిపోతే రాడ్లు శుభ్రం చేసి, బిగుసుకున్నచోటు వెతకండి. డ్రైవర్ మీది పొటెన్షియోమీటర్ (మోటారుకు వెళ్లే కరెంటును సరిచేసే చిన్న తిరుగుడు స్క్రూ) ఆఖరి మందు. కరెంటు ఎక్కువ పెడితే డ్రైవర్ వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోతుంది, స్టెప్పులు ఇంకా ఎక్కువ పోతాయి.

జెడ్ ఆక్సిస్‌లో కోత లోతు నెమ్మదిగా పెరుగుతుంటే ముందు కొలెట్ (బిట్‌ను పట్టి ఉంచే భాగం) చూడండి. ఈఆర్11 కొలెట్‌ను నట్టులో క్లిక్ మనేలా ఇరికించాకే స్పిండిల్‌కు ఎక్కించాలి. లేకపోతే బిట్ కిందికి జారుతుంది.

అభ్యాసం: మూడు ఆక్సిస్‌లకూ లూజును ఒక చివర, మధ్యలో, రెండో చివర, ఒక్కోచోట ఐదుసార్లు కొలవండి. మొత్తం 45 అంకెలు. మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ వస్తే స్క్రూ మధ్యలో అరిగిందని అర్థం, నట్టు మారిస్తే తీరదు. ఈ పట్టిక లేకుండా తర్వాతి పాఠం మొదలుపెట్టకండి.