హామ్లెట్‌ను రెండు గంటల్లో ఆడించాలంటే: పగ దారం తెగకుండా కుదించే పద్ధతి

షేక్‌స్పియర్ హామ్లెట్‌ను పూర్తిగా ఆడితే నాలుగు గంటలు పడుతుంది. 1604 నాటి రెండో క్వార్టోలోనే (క్వార్టో అంటే ఆనాటి చిన్న సైజు అచ్చు పుస్తకం) సుమారు 3,800 పంక్తులున్నాయి. రెండు గంటలకు దించాలంటే సగం పోవాల్సిందే. చాలామంది పేరుమోసిన స్వగతాలన్నీ ఉంచేసి మధ్య కథను కోసేస్తారు. అలా చేస్తే హామ్లెట్ ఎటూ తేల్చుకోలేని కుర్రాడిలా మిగులుతాడు, చివర్లో శవాలు ఎందుకు పడుతున్నాయో ప్రేక్షకుడికి అందదు.

కత్తెర పట్టేముందు కాగితం మీద మూడు పేర్లు రాసుకోండి: హామ్లెట్, లేర్టీస్, ఫోర్టిన్‌బ్రాస్. ముగ్గురూ తండ్రిని పోగొట్టుకున్న కొడుకులే. హామ్లెట్ తండ్రిని చంపింది పినతండ్రి, ఇప్పటి రాజు క్లాడియస్. నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ తండ్రిని చంపింది హామ్లెట్ తండ్రి, లేర్టీస్ తండ్రి పొలోనియస్‌ను చంపేది హామ్లెట్. ఈ ముగ్గురి పగల్లో దేన్నీ ముందుకు నడపని భాగం పోయినా నష్టం లేదు. రెండో అంకం మొదట్లో పొలోనియస్ తన నౌకరును పారిస్ పంపే ఘట్టం, నటుల బృందాల గురించిన చర్చ, కత్తిపోటీకి పిలవడానికొచ్చిన ఆస్రిక్‌తో సాగే మాటల ఆట తీసేయండి. హామ్లెట్ ఇంగ్లండ్ ప్రయాణం సంగతి అతని స్నేహితుడు హొరేషియోకు రెండు వాక్యాల్లో చెప్పించవచ్చు. లేర్టీస్ చెల్లెలు ఒఫీలియా పిచ్చి సన్నివేశాన్ని మాత్రం తగ్గించకండి. లేర్టీస్ పగకు రెండో నిప్పు అక్కడే పడుతుంది.

రెండు చోట్ల ప్రతులు సరిచూసుకోవాలి. ఫోర్టిన్‌బ్రాస్ సైన్యాన్ని చూశాక హామ్లెట్ చెప్పే స్వగతం (4వ అంకం, 4వ రంగం) రెండో క్వార్టోలో ఉంది, 1623 ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సైజు సంపుటంలో) లేదు. తన కష్టంలోనే లేర్టీస్ కష్టం కనబడుతోందని హామ్లెట్ హొరేషియోతో అనే మాట ఫోలియోలో ఉంది, రెండో క్వార్టోలో లేదు. ఏదో ఒక ప్రతినే నమ్ముకుంటే రెండింట్లో ఒకటి జారిపోతుంది. రెండూ ఉంచండి.

ఇక నాటకానికి ఇరుసు, 3వ అంకం 3వ రంగం. క్లాడియస్ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటాడు, హామ్లెట్ వెనక నుంచి కత్తి దూసి వస్తాడు. క్లాడియస్‌ను వేదిక ముందు అంచుకు దగ్గరగా, ముఖం ప్రేక్షకుల వైపు ఉండేలా కూర్చోబెట్టండి. హామ్లెట్ రెండడుగుల దూరం దాకా రావాలి. ఐదారడుగుల అవతలే ఆగితే కత్తి అందదు, చంపగలిగీ ఆగాడన్న సంగతి తెలియదు. ఇక్కడ నటుడు చేతులు వణికించడం పెద్ద తప్పు. హామ్లెట్ చెప్పే కారణం భయం కాదు. ప్రార్థనలో ఉండగా చంపితే వీడు స్వర్గానికి పోతాడు, తాగి పడున్నప్పుడో పాపంలో మునిగున్నప్పుడో చంపి నరకానికి తోయాలంటాడు. పగ శరీరాన్ని దాటి ఆత్మ మీదికి పోతున్న ఘడియ అది. గొంతు తగ్గించి, చల్లగా, లెక్క వేస్తున్నట్టు చెప్పించండి.

హామ్లెట్ పూర్తిగా వింగ్‌లోకి వెళ్లాక మూడు సెకన్లు ఆగి క్లాడియస్ లేవాలి. మాటలు పైకి పోతున్నాయి గానీ మనసు కిందే ఉండిపోయిందని, అంటే ప్రార్థన కుదరనే లేదని అప్పుడు చెబుతాడు. ముందే లేస్తే ఈ దెబ్బ వృథా. వెంటనే లైట్లు ఆర్పకుండా తల్లి గదిలోకి వెళ్లండి. అదే కత్తితో హామ్లెట్ తెర వెనకనున్న పొలోనియస్‌ను, ఎవరో చూడకుండానే పొడుస్తాడు. ఆగాల్సిన పని లేనిచోట ఆగాడు, ఆగాల్సినచోట తొందరపడ్డాడు. మధ్యలో బ్లాకౌట్ పెడితే ఈ రెండూ ప్రేక్షకుడి మనసులో కలవవు.

దీనికి జంటగా 4వ అంకం 7వ రంగంలో ఒక జవాబు ఉంది. నువ్వేం చేస్తావని రాజు అడిగితే, చర్చిలోనైనా గొంతు కోస్తానంటాడు లేర్టీస్. ఎంత కుదించినా ఈ వాక్యం పోకూడదు.

మన నటులకు ఒక హెచ్చరిక. సంస్కృత నాటకం వేణీసంహారంలో భీముడి ప్రతిజ్ఞ తీరితే అది విజయం, వీరరసం అక్కడ ఒప్పుతుంది. హామ్లెట్‌ను ఆ ఊపులో చెబితే పాత్ర విరిగిపోతుంది. పద్యానికి వన్స్‌మోర్ వచ్చినట్టు స్వగతానికి చప్పట్ల కోసం ఆగకండి, చివరి వాక్యం నుంచి నేరుగా తర్వాతి పనిలోకి కదలండి.

కత్తిపోటీలో వరస తప్పితే అంతా తప్పుతుంది. మొదటి పోటు హామ్లెట్‌ది. అప్పుడు రాజు విషపు గిన్నెలో ముత్యం వేస్తాడు, హామ్లెట్ తర్వాత తాగుతానంటాడు. రెండో పోటూ హామ్లెట్‌దే, అప్పుడు హామ్లెట్ తల్లి అయిన రాణి ఆ గిన్నెలోది తాగుతుంది. మూడోది ఎవరికీ తగలదు. ఆ తర్వాత లేర్టీస్ విషం పూసిన కత్తితో హామ్లెట్‌ను గాయపరుస్తాడు, పెనుగులాటలో కత్తులు మారతాయి, హామ్లెట్ అతన్ని పొడుస్తాడు. రాణి పడిపోతుంది, లేర్టీస్ కుట్ర బయటపెడతాడు, అప్పుడే హామ్లెట్ రాజును పొడిచి మిగిలిన విషం తాగిస్తాడు. లేర్టీస్ కత్తి పిడికి ఎర్ర గుడ్డ చుట్టండి, లేకపోతే వెనక వరసల వాళ్లకు మార్పిడి కనబడదు. మార్పిడికి తేలిక దారి ఉంది: హామ్లెట్ ఎదుటివాడి కత్తిని కింద పడేయించి, దాని మీద కాలు వేసి, తన కత్తి అతనికి అందించాలి. మొనలు మొద్దుగా ఉండాలి. పోటు ఎప్పుడూ ముఖం వైపు వెళ్లకూడదు, భుజం కింద, ఒంటికి పక్కగా పోవాలి. వేగం పెంచే ముందు సగం వేగంలో తప్పు రాకుండా వరసగా పదిసార్లు చేయించండి.

నటులు తక్కువైతే హామ్లెట్ తండ్రి దయ్యాన్నీ క్లాడియస్‌నూ ఒకరే వేయొచ్చు, ఇద్దరూ ఎప్పుడూ ఒకేసారి వేదిక మీద ఉండరు. ఇబ్బంది తల్లి గది సన్నివేశంలోనే: రాజు వెళ్లిన కాసేపటికే దయ్యం రావాలి. 1603 క్వార్టోలో దయ్యం అక్కడ రాత్రి ఉడుపులో వస్తుంది. కవచం పెట్టుకోకుండా రాజు దుస్తుల మీదే వదులు అంగీ తొడిగిస్తే సరిపోతుంది. కాపలాదారు మార్సెలస్‌కు మొదటి అంకం తర్వాత పని లేదు, ఫోర్టిన్‌బ్రాస్‌ను అతనికివ్వండి. లేర్టీస్ పాత్రధారికి మాత్రం ఇవ్వకండి, ఫోర్టిన్‌బ్రాస్ వచ్చేసరికి అతను శవంగా వేదిక మీదే పడి ఉంటాడు.