పద్యపాదానికి గణవిభజన: పదో తరగతి ప్రశ్నకు జవాబు రాసే తీరు

పాదం ఇచ్చి "గణవిభజన చేసి ఏ పద్యమో గుర్తించండి" అంటారు. చాలామంది పదాల దగ్గర విరిచి గణాలు పెట్టేస్తారు. గణం అంటే గురువులు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలు), లఘువులు (తక్కువ సేపు పట్టేవి) కలిసిన గుంపు. దానికి పదంతో పని లేదు. అందుకే ముందు పాదాన్ని పదాల మధ్య ఖాళీ లేకుండా, అక్షరానికీ అక్షరానికీ ఎడం ఉంచి రాసుకోండి. పైన గురులఘువుల వరుస, ఆ పైన గణాల పేర్లు వస్తాయి.

మార్కులు పోయేది ఎక్కువగా గురులఘువుల దగ్గరే. దీర్ఘాలు, ఐ, ఔ, సున్న, విసర్గ ఉన్నవి, పొల్లుతో కలిసినవి గురువులు. పొల్లును విడి అక్షరంగా లెక్కపెట్టకూడదు. అరసున్న లెక్కలోకే రాదు. ద్విత్వ, సంయుక్తాక్షరాలకు ముందున్నదీ గురువే. అయితే వట్రసుడి అచ్చు గుర్తు, ఒత్తు కాదు: "విక్రమ"లో వి గురువు, "వికృతి"లో వి లఘువు. విడి తెలుగు పదం చివరి అక్షరాన్ని తర్వాతి పదం మొదటి సంయుక్తం గురువు చేయదు: "నాకు ప్రియము"లో కు లఘువే. "వనప్రియ" లాంటి సమాసంలో మాత్రం న గురువవుతుంది.

తర్వాత అక్షరాలు లెక్కపెట్టండి. 19 అయితే శార్దూలం, 21 అయితే చంపకమాల. 20 వస్తే మొదటి అక్షరం చూడండి: గురువైతే ఉత్పలమాల, లఘువైతే మత్తేభం. 17, అంతకు తక్కువ ఉంటే ఆటవెలది, తేటగీతి, కందాలను అనుమానించాలి. పాదం మొత్తం ఇస్తే సీసానికి 22కు తగ్గవు.

ఈ నాలుగూ వృత్తాలు, అంటే గణాల వరుస మారని పద్యాలు. నాలుగింటి గణాలనూ బట్టీ పట్టనక్కరలేదు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు) 10వ అక్షరం. శార్దూలానికి మ స జ స త త గ, యతి 13. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల (న జ భ జ జ జ ర), శార్దూలానికి అదే చేస్తే మత్తేభం (స భ ర న మ య వ). ఒక అక్షరం పెరిగింది కాబట్టి యతి కూడా ఒక స్థానం జరిగి 11, 14 అవుతుంది. ఏ గణం ఎలా ఉంటుందో మరిస్తే "యమాతారాజభానసలగం"లో ఆ అక్షరం నుంచి మూడు తీసుకోండి: య-మా-తా, అంటే లఘువు, గురువు, గురువు. వ అంటే లఘువు, గురువు; గ అంటే ఒక్క గురువు.

పోతన పాదం చూడండి: ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై.

ఎవ్వని (భ), చేజనిం (ర), చుజగ (న), మెవ్వని (భ), లోపల (భ), నుండులీ (ర), నమై (వ). ఉత్పలమాల. పదో అక్షరం "మె". ఎ-మె అని రాస్తే పొరపాటు. జగము + ఎవ్వని అని సంధి విడదీసి ఎ-ఎ యతి అని చూపించాలి.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు (న, లేదా గురువు-లఘువు అయిన హ), రెండు ఇంద్రగణాలు (భ, ర, త, నగ, నల, సల; సల అంటే స మీద ఒక లఘువు). 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. తేటగీతిలో ప్రతి పాదానికీ ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య. రెంటిలోనూ యతి నాలుగో గణం మొదటి అక్షరం. వేమన పద్యం "ఉప్పుకప్పురంబు నొక్క పోలికనుండు" ఇలా విడుతుంది: ఉప్పు (హ), కప్పు (హ), రంబు (హ), నొక్కపో (ర), లికనుండు (సల). యతి ఉ-ఒ. రెండో పాదం "చూడచూడ రుచుల జాడవేరు"లో చూ, జా అచ్చులు కలవవు. యతి తప్పిందని రాయకండి, చూడ-జాడలో రెండో అక్షరమైన డకారం కలిసింది, అది ప్రాసయతి. వృత్తాల్లో, కందంలో ఈ వెసులుబాటు లేదు.