సెల్ఫ్ డ్రైవింగ్ కార్ల గురించి మీకెంత తెలుసు? తేడా ఎక్కడ కొడుతోందో చూసుకోండి

ముందు ఒక కాగితం తీసుకోండి. సెల్ఫ్ డ్రైవింగ్ కార్ల గురించి నాకెంత తెలుసు అని మీకు మీరే పదికి మార్కులు వేసుకుని పైన మూలన రాయండి. ఆ అంకెతో చివర్లో పని ఉంది.

సమస్య: అంతా తెలుసనిపిస్తుంది, ఎవరైనా అడిగితే రెండు మాటల తర్వాత ఆగిపోతాం

కారణం: పేర్లు తెలిస్తే పనితీరు కూడా తెలిసినట్టే అనిపిస్తుంది. కెమెరా, రాడార్, లైడార్ (లేజర్ కాంతితో చుట్టూ చూసే సెన్సర్), ఏఐ... ఈ మాటలు రోజూ వింటూనే ఉన్నాం కదా. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చాలా మామూలు వస్తువులతో బయటపెట్టారు. జిప్ ఎలా పనిచేస్తుందో ఎంత తెలుసో మార్కులు వేసుకోమన్నారు. తర్వాత వివరంగా రాయమన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే చాలామంది తగ్గించుకున్నారు. జిప్ విషయంలోనే ఇలా ఉంటే కారు సంగతి చెప్పేదేముంది!

పరిష్కారం: మీరూ రాయండి. ముందు వెళ్తున్న కారు సడెన్‌గా బ్రేక్ వేసింది. మీ కారు దాన్ని దేనితో చూసింది? దూరం ఎలా కొలిచింది? బ్రేక్ వేయాలని ఎలా తేల్చుకుంది? పెన్ను ఆగిన చోటల్లా ఒక గీత పెట్టండి. నాకైతే మూడో ప్రశ్న దగ్గర ఆగింది.

సమస్య: "స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది, ఇంకేం కావాలి?"

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కారణం: ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ 2014లో 0 నుంచి 5 వరకు లెవెల్స్ ఇచ్చింది. కారు ఎన్ని పనులు చేస్తే అంత పెద్ద లెవెల్ అనుకుంటాం. అసలు గీత గీసింది అక్కడ కాదు, రోడ్డును గమనించే బాధ్యత ఎవరిదన్న దగ్గర. లెవెల్ 2లో కారు స్టీరింగ్ తిప్పుతుంది, స్పీడు పెంచుతుంది, తగ్గిస్తుంది, అయినా రోడ్డు మీద కన్ను మీదే ఉండాలి. టెస్లా 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' పేరు వెనక 'సూపర్‌వైజ్డ్' (మనిషి పర్యవేక్షణలో) అన్న మాట చేరింది ఇందుకే. లెవెల్ 3లో కొన్ని పరిస్థితుల్లో మీరు చూపు తిప్పుకోవచ్చు, కానీ కారు పిలిస్తే వెంటనే స్టీరింగ్ అందుకోవాలి. 2022లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన మెర్సిడెస్ డ్రైవ్ పైలట్ ఈ రకం, మొదట్లో గంటకు 60 కిలోమీటర్ల లోపే పనిచేసేది. అమెరికాలో తిరిగే వేమో కంపెనీ టాక్సీలు లెవెల్ 4. డ్రైవర్ సీట్లో ఎవరూ ఉండరు, కాకపోతే నిర్ణయించిన ప్రాంతం దాటవు. ఎక్కడైనా, ఎలాంటి వాతావరణంలోనైనా నడిచే లెవెల్ 5 కారు ఇంకా రాలేదు.

పరిష్కారం: మీకు తెలిసిన ఏదో ఒక కారును తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ క్షణం రోడ్డును చూడాల్సింది ఎవరు? కారు చేతులెత్తేస్తే ఎవరు అందుకోవాలి? ఏ రోడ్డు మీద, ఏ స్పీడులో, ఏ వాతావరణంలో ఇది పనిచేస్తుంది? ఇంకో చిన్న పరీక్ష: ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్ ఒక్కటే ఉన్న కారు ఏ లెవెల్? జవాబు, 0. ఆపదలో ఒక్క క్షణం కల్పించుకుంటుందంతే, బండి నడిపేది మీరే. ఆశ్చర్యపోయారంటే ఇక్కడ కూడా ఒక గీత పెట్టండి.

సమస్య: "రాడార్ ఉందిగా, ఆగి ఉన్న లారీని చూసి తప్పకుండా ఆగుతుంది"

కారణం: రాడార్ దూరంతో పాటు వేగాన్నీ కొలుస్తుంది. రోడ్డు పక్క బోర్డులు, వంతెనలు, రెయిలింగులు అన్నీ దానికి కదలనివే. వాటన్నిటికీ బ్రేక్ వేస్తూ పోతే కారు నడవదు. అందుకే చాలా సిస్టమ్‌లు పెద్ద స్పీడులో కదలని వస్తువుల నుంచి వచ్చే సిగ్నల్‌ను అంతగా పట్టించుకోవు. ఇప్పుడు ఇది ఊహించుకోండి: మీ ముందున్న కారు చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంది. ఇంతవరకూ దాని చాటున కనబడని లారీ, కదలకుండా, ఎదురుగా ఉంది. మీ కారు మాత్రం దారి ఖాళీ అయిందనుకుని స్పీడు పెంచవచ్చు.

పరిష్కారం: కారు మాన్యువల్‌లో క్రూజ్ కంట్రోల్ (స్పీడును కారే చూసుకునే ఏర్పాటు) దగ్గర ఇచ్చిన హెచ్చరికలు పూర్తిగా చదవండి. ఆ పేజీలు దాటేయకండి, దయచేసి.

సమస్య: ఒక్క ప్రమాదం చూసి "సెన్సర్లు పనికిరావు" అని తేల్చేయడం

కారణం: వార్త హెడ్డింగ్ దగ్గరే ఆగిపోతాం. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఉబర్ టెస్ట్ కారు తగిలి రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయారు. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పట్టాయని దర్యాప్తులో తేలింది. అయితే సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని మార్చి మార్చి గుర్తించింది, ఎటు వెళ్తున్నారో అంచనా కట్టలేకపోయింది. కారు కంపెనీ అమర్చిన ఎమర్జెన్సీ బ్రేక్ ఆ సమయంలో పనిచేయకుండా పెట్టారు. సీట్లో ఉన్న ఆపరేటర్ రోడ్డును చూడటం లేదు.

పరిష్కారం: ఏ ప్రమాదం గురించి విన్నా చూపు, గుర్తింపు, నిర్ణయం, మనిషి, ఈ నాలుగింటిలో ఎక్కడ తప్పిందో విడివిడిగా రాయండి. రాయలేకపోతే ఆ ప్రమాదం మీకింకా తెలియనట్టే.

ఇప్పుడు మూలనున్న మార్కు పక్కన కొత్తది వేయండి. తగ్గిందా? టెన్షన్ పడకండి, గీతలు పెట్టిన చోట్ల నుంచి చదవడం మొదలుపెట్టండి. తగ్గలేదా? అయితే మీరు రాసిన జవాబులు ఇలాంటి కారు రోజూ నడిపేవాళ్ల చేతికిచ్చి, అర్థం కాని చోటల్లా గీత పెట్టమని అడగండి.